రోడ్డుకి అటొకరు, ఇటొకరు

బన్నమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరూ పలకరు. బేకరీ నడిపే మనిషి. బడి వదిలాక అటుగా వచ్చే పిల్లల చేతుల్లో తలా ఓ బన్ను పెట్టేది. అలా బన్నమ్మ అయిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచీ ఆమె చేతులు పనిలో నిలవలేదు. పిండి పిసుకుతూ పిసుకుతూ ఆగిపోయింది. తుడిచిన అద్దాలనే మళ్ళీ తుడిచింది. చివరికి షట్టరు దించేసి, తలమీద చున్నీ సర్దుకుని, పక్క వీధిలో వియ్యపురాలి కుట్టుషాపు ముందు నిలబడింది.

"వదినా, ఇవాళ నేనూ సమాధుల తోట లోపలికొస్తాను."

వియ్యపురాలు మిషను తొక్కడం ఆపి, కళ్ళజోడు పైనుంచి చూసింది. "మీవాళ్ళు ఏమైనా అంటారేమో?"

"ఇమాముగారిని అడిగాను. వెళ్ళమ్మా, సమాధుల దగ్గరికెళ్తే మనమూ పోయేవాళ్ళమేనని గుర్తొస్తుంది, అది ఎవరికైనా మంచిదే అన్నారు. మా అన్నయ్యే గొణిగాడు. గొణక్కపోతే వాడికి తిన్నది అరగదులే."

ఏడాది కిందటి మాట. బన్నమ్మ కొడుకు, ఈ వియ్యపురాలి కూతురు, చలికి తట్టుకోలేక అద్దె గది కిటికీలు బిగించి, బొగ్గుల కుంపటి మంచం పక్కన పెట్టుకుని పడుకున్నారు. తెల్లారి లేవలేదు. అతను మసీదుకి, ఆమె చర్చికి వెళ్ళొచ్చి ఒకే కంచంలో తిన్న జంట. ఒకే దుప్పటి కింద పోయారు. అయినా ఎవరి నేల వాళ్ళదే అయింది. కొడుకుని ఖబరస్తాన్‌లో, కోడల్ని సమాధుల తోటలో పెట్టారు. మధ్యలో ఒక రోడ్డు, రెండు గోడలు.

ఆనాటి నుంచీ ప్రతి శుక్రవారం వియ్యపురాలు తలమీద కొంగు కప్పుకుని, బన్నమ్మతో పాటు అల్లుడి దగ్గరికి వస్తూనే ఉంది. పువ్వులు తేవాలా, కొవ్వొత్తి తేవాలా అని మొదట్లో తికమకపడితే, "ఏమీ వద్దు వదినా, నిలబడి వాడికోసం దేవుణ్ణి అడుగు చాలు" అని చెప్పింది బన్నమ్మ. ఆదివారం మాత్రం తను సమాధుల తోట గేటు బయటే ఉండిపోయేది. కోడలి మీద ప్రేమ లేక కాదు. లోపల ఏం చదవాలో, అసలు చదవొచ్చో లేదో తెలియక కాళ్ళు ఆడేవి కావు.

ఇద్దరూ గేటు చేరేసరికి పొద్దు వాలింది. మంచు దిగుతోంది. తడిసిన ఆకుల వాసన, వాడిన పూల వాసన కలిసి ముక్కుకి తగులుతున్నాయి. ఎక్కడో ఇనుప గొలుసు ఒకటి స్తంభానికి కొట్టుకుని ఆగింది.

బన్నమ్మ గడప దగ్గర తటపటాయించింది. "మేమైతే లోపలికెళ్ళే ముందు వాళ్ళకి సలాం చెప్తాం వదినా. వాళ్ళకి వినబడుతుందంటారు."

"ఇక్కడా చెప్పు. మావాళ్ళేం కాదనరు."

"అందరూ చల్లగా ఉండండమ్మా," అంది బన్నమ్మ మెల్లగా. ఎందుకో, రాళ్ళ మధ్య అప్పటిదాకా ఉన్న చిన్న చిన్న చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయినట్టు అనిపించింది. ఎవరో వినడానికి ఆగినట్టు.

కోడలి సమాధి గోడవారన ఉంది. వియ్యపురాలు కొంగుతో రాయి తుడిచి, కొవ్వొత్తి వెలిగించి, కళ్ళు మూసుకుంది. బన్నమ్మ చేతులు చాచి నిలబడింది. ఏదేదో అడుగుదామనుకుంది. నోట్లోంచి వచ్చింది ఒక్కటే. "నా తల్లీ, ఎలా ఉన్నావే..."

ఏడుపు తన్నుకొచ్చింది. ఏడాదిగా గేటు బయట దిగమింగుకున్న ఏడుపు. గొంతెత్తి ఏడ్చేసింది.

అప్పుడు గమనించింది. గాలి లేదు. ఆకు కదలడం లేదు. అయినా కొవ్వొత్తి మంట చిన్నదవుతోంది. ఎవరో వేళ్ళతో నొక్కుతున్నట్టు... గోరంత... గింజంత...

వాసన. బొగ్గుల వాసన.

బన్నమ్మ ఊపిరి తీసింది. అందలేదు. మళ్ళీ తీసింది. చుట్టూ ఇంత ఆరుబయట ఉన్నా, తలుపులు మూసిన గదిలో ఉన్నట్టుంది. కణతలు బరువెక్కాయి. కళ్ళు మూసుకుపోతున్నాయి. నిద్ర... తియ్యటి నిద్ర...

చెవి పక్కనే ఎవరో గుసగుసగా అన్నారు.

"మెల్లగా అమ్మీ... పాప ఇప్పుడే పడుకుంది."

కొడుకు గొంతు.

కొవ్వొత్తి ఆరిపోయింది.

వియ్యపురాలి రెక్క పట్టుకుని లాక్కుంటూ ఎలా బయటపడిందో ఆమెకే తెలియదు. రోడ్డు మీదికొచ్చాకే ఊపిరాడింది. వీధి దీపం కింద కూలబడి, దగ్గి దగ్గి, చివరికి విన్నది విన్నట్టు చెప్పింది.

వియ్యపురాలికి ఏ గొంతూ వినబడలేదు. కానీ ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది.

"నీకెవరు చెప్పారు వదినా?"

"ఏంటి?"

"దానికి నెల తప్పిన సంగతి. పోస్టుమార్టం అయ్యాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. కొడుకు పోయి నువ్వు అప్పటికే సగం చచ్చి ఉన్నావు. ఇది కూడా నీ నెత్తిన ఎందుకు పెట్టాలని... నేనొక్కదాన్నే మోద్దామనుకున్నా."

బన్నమ్మ ఆమెను తిట్టలేదు. దగ్గరికి లాక్కుని తల నిమురుతూ అడిగింది. "పాపేనని డాక్టరమ్మ చెప్పిందా?"

"లేదు. అప్పటికింకా తెలిసేంత కాదంది."

ఇద్దరూ ఏడ్చారు. నిలువునా భయం ఉన్నా, ఆ భయం చివర్న ఏదో చిన్న ఊరట. నానమ్మా అమ్మమ్మా అయ్యామన్న ఊరట. ఆ వారమే వియ్యపురాలు షాపులో మిగిలిన తెల్లటి మెత్తటి గుడ్డ తీసి ఓ చిట్టి గౌను కుట్టింది. అరచేతిలో పట్టేంత గౌను. తెల్లదారంతో అంచు మడిచి కుట్టి, ఆదివారం మిట్టమధ్యాహ్నం, జనం తిరిగే వేళే ఇద్దరూ వెళ్ళి, కోడలి సమాధి మీద పెట్టి వచ్చారు. బన్నమ్మ ఈసారి ఏడవలేదు. చప్పుడు చేస్తే లేస్తుందేమోనని.

శుక్రవారం ఖబరస్తాన్‌కి వెళ్ళారు. బన్నమ్మ గేటు దగ్గర సలాం చెప్పి, కొడుకు దగ్గరికి నడిచి, టక్కున ఆగిపోయింది.

మట్టి మీద ఆ గౌను ఉంది. గాలికి ఎగిరొచ్చి పడినట్టు లేదు. చేతులు రెండూ చాపి, ముడతలు లేకుండా, ఉతికి ఆరేసినట్టు పరిచి ఉంది. ఇంకా తడిగా ఉంది.

"ఎవరో ఆకతాయి..." అంటూ వియ్యపురాలు వంగి దాన్ని చేతిలోకి తీసుకుంది. తీసుకుని, తిప్పి చూసి, అంచుని పదే పదే వేళ్ళతో తడిమింది.

"ఏమైంది వదినా?"

"నేను కుట్టింది ఇంత పొడుగు లేదు. అంచు మడత విప్పారు. విప్పి, కిందికి దించి, మళ్ళీ కుట్టారు. పిల్ల పెరిగితే అలాగే చేస్తాం."

బన్నమ్మ గౌను అంచు వెలుతురుకి పట్టుకుంది. సన్నటి, వరసైన, ముచ్చటైన కుట్టు. చేత్తో కుట్టిందే. కానీ నల్లగా ఉంది. గోటితో కొస పట్టుకుని మెల్లగా లాగింది. కొంచెం వచ్చింది. ఇంకా వచ్చింది... వస్తూనే ఉంది...

దారం కాదు.

పొడుగాటి వెంట్రుక.