పద్నాలుగు కార్డుల గిరాకీ

"ప్రమీలా! వచ్చిందే! పద్నాలుగోది!"

భవానీప్రసాద్ పోస్టుకార్డు పట్టుకుని వంటింట్లోకి వచ్చేశాడు. ప్రమీలారాణి రుబ్బురోలు దగ్గర నుంచి లేచి, చెయ్యి కడుక్కుని కార్డు అందుకుంది. జగ్గయ్యపేట నుంచి సున్నపు బట్టీల కృష్ణయ్య రాసింది. 'మీ అల్యూమినియం బ్లాకు తయారైన వెంటనే మా కారుకు ఒకటి ఇప్పించగలరు' అని నాలుగే నాలుగు ముక్కలు.

బ్లాకంటే ఇంజనుకు ఒళ్ళు లాంటిది. పిస్టన్లు ఆడేది దాంట్లోనే. ఒకప్పుడు హైదరాబాదు రోడ్డు మీద దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయిన ఎనిమిది సిలిండర్ల పెద్ద కార్లకు అది ఇనుముతో ఉండేది. కార్లు ముసలివైపోయాక ఎండాకాలంలో నీళ్ళు మరిగి, బ్లాకు నెర్రెలు విచ్చేది. కొత్తది కొందామంటే కంపెనీవాళ్ళు చేయడం ఎప్పుడో మానేశారు. అందుకని ఆ బ్లాకును అల్యూమినియంతో పోత పోయాలని భవానీప్రసాద్ పట్టుబట్టాడు. మద్రాసులో ఇంజన్ల ఫ్యాక్టరీలో తొమ్మిదేళ్ళు పనిచేసినవాడు, పని రానివాడు కాదు. చెక్క అచ్చు తనే చేసి, బెజవాడలో గిన్నెలు పోసేవాళ్ళ దగ్గర ఒక బ్లాకు పోయించాడు. అది అరుగు మీద తెల్లగా మెరుస్తూ కూర్చుని ఉంది.

"ఇంట్లో సత్తు గిన్నెలు చాలవని ఇదొకటి" అంది అత్తగారు సౌభాగ్యమ్మ బియ్యం ఏరుతూ. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. షెడ్డు లేదు, కొలిమి లేదు, అప్పుడే బేరాలు."

"పద్నాలుగు మంది చేత్తో రాసిచ్చారమ్మా. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు భవానీప్రసాద్ నవ్వుతూ. "గురువారం పొలం అమ్మకం రిజిస్ట్రేషన్ అయిపోతే, ఆ పై వారం షెడ్డుకి ముగ్గు పోయడమే. ఏం నాన్నా?"

మామగారు బ్రహ్మయ్య పళ్ళెంలోంచి తలెత్తలేదు. "మంచిదిరా" అని చెయ్యి కడుక్కుని లేచాడు. పోయేది మునేటి ఒడ్డున రెండెకరాలు. ఆయన తన చేత్తో రాళ్ళేరి బాగు చేసుకున్న నేల. పొలం పోతుందని దిగులేమో అనుకుంది ప్రమీలారాణి.

ఆమె ఆ రోజు జగ్గయ్యపేటలో పుట్టింటికి వెళ్ళాలి. తల్లికి కంటి ఆపరేషను అయి వారమైంది. బయల్దేరుతుంటే భవానీప్రసాద్ ఒక చీటీ చేతికిచ్చాడు.

"ఎలాగూ వెళ్తున్నావుగా, కృష్ణయ్య గారి కారు ఇంజను నంబరు రాసుకురా. అచ్చులో తేడా రాకూడదు."

ప్రమీలారాణి తల్లిని చూసి, మధ్యాహ్నం కృష్ణయ్యగారింటికి వెళ్ళింది. కారు షెడ్డులో పైకప్పు దాకా సున్నం బస్తాలు పేర్చి ఉన్నాయి.

"కారు ఎక్కడ పెట్టారండీ?"

"కారా? అమ్మేసి రెండేళ్ళయిందమ్మా" అన్నాడాయన. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

"మరి కార్డు రాశారు కదండీ?"

కృష్ణయ్య కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. ఎంతసేపు తుడిచినా ఆమె కదలకపోయేసరికి ఇక చెప్పక తప్పలేదు.

"మీ మావగారు గుమ్మంలోకొచ్చి అడిగితే కాదంటానా అమ్మా? ఆయన జన్మలో ఒకర్ని ఒకటి అడిగిన మనిషేనా? 'వాడికోసం రెండు ముక్కలు రాసిపెట్టు కిష్టయ్యా' అన్నారు. కార్డు ఆయనే తెచ్చారు. పెన్ను కూడా ఆయన జేబులోదే."

ఎదురుగా నిలబడ్డ మనిషిని కాదనడం మా వైపువాళ్ళకు చేతకాదు. 'చూద్దాంలే' అంటే లేదని అర్థం. 'తప్పకుండా' అంటే ఇంక అడగొద్దని అర్థం. ఈ సంగతి పసిపిల్లలకీ తెలుసు. అదే మాట కాగితం మీదికి ఎక్కేసరికి భవానీప్రసాద్‌కు తెలియకుండా పోయింది. ఆ మాటకొస్తే ప్రమీలారాణికీ తెలియలేదు.

తిరుగు బస్సెక్కింది కానీ నేరుగా ఇంటికి పోలేదు. చిల్లకల్లులో దిగి, రోడ్డు పక్కనే ఉన్న మెకానిక్ సిలార్ షెడ్డుకు వెళ్ళింది. ఆ రోడ్డు మీద నడిచే ప్రతి పాత కారు కడుపులో ఏముందో సిలార్‌కు తెలుసు. భవానీప్రసాద్‌తో మంచి స్నేహం ఉండేది. ఏమైందో, నాలుగు నెలలుగా ఇద్దరికీ మాటల్లేవు.

"నిజం చెప్పు సిలార్. ఆ బ్లాకు ఎవరైనా కొంటారా?"

సిలార్ చేతులు గుడ్డకు తుడుచుకుని, స్టూలు జరిపాడు. "కూర్చోండమ్మా. బ్లాకుకి వంక పెట్టడానికి లేదు. నేనే బిగించి చూశా. ఇనప దాంట్లో సగం బరువు లేదు, మిట్టమధ్యాహ్నం తిప్పినా నీళ్ళు మరగలా. కొనేవాడేడీ, అదీ కత. ఒకప్పుడు ఈ రోడ్డు మీద అట్టాంటి కార్లు పాతిక ముప్ఫై తిరిగేయి. పెట్రోలు రేటు మండిపోయాక అన్నిట్లో డీజిల్ ఇంజన్లు దించేశారు. దించింది నేనేగా. మిగిలినయి రెండో మూడో. వాటి ఓనర్లు బోల్టు కావాలన్నా పాత సామాన్ల కొట్టుకే పోతారు."

"ఈ మాట మావారికి చెప్పలేదా?"

"చెప్పా. అందుకేగా మాటలు మానేసింది. మీ మావగారు నన్నూ కార్డు రాయమన్నారమ్మా. అబద్ధం రాయలేనండీ అన్నా. 'నీ తప్పు లేదులే సిలార్' అని టీ తాగి వెళ్ళిపోయారు."

ఇంటికి చేరేసరికి భవానీప్రసాద్ లేడు, షెడ్డుకు ఇటుకలు బేరమాడటానికి వెళ్ళాడు. బ్రహ్మయ్య పెరట్లో గేదెకు చిట్టు కలుపుతున్నాడు. కోపం వస్తే దాచుకోవడం ప్రమీలారాణికి రాదు. చేతి సంచీ అయినా దించకుండా ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"కృష్ణయ్య గారికి కారే లేదు మావయ్యా."

బ్రహ్మయ్య చెయ్యి ఆగిపోయింది.

"పద్నాలుగింట్లో మీరు రాయించినవి ఎన్ని?"

"పదమూడు" అన్నాడాయన నెమ్మదిగా. "మొదటిది టాక్సీ ఇశ్రాయేలుది. అది నిజమైందేనమ్మా. వాడు మద్రాసులో ఉండగా చెప్పిన బ్లాకు సంగతి గుర్తుంచుకుని తనంతట తనే రాశాడు. ఆర్నెల్లు తిరక్కుండా అతనూ డీజిల్ పెట్టించుకున్నాడు."

"ఎందుకు చేశారండీ ఈ పని?"

"నీకు తెలీంది ఏముంది? ఫ్యాక్టరీ మూసేసి వాడింటికొచ్చాక ఎనిమిది నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. గడ్డం గీసుకోడు, పిలిస్తే పలకడు. ఒకరోజు మునేటి గట్టున పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. నేను తుమ్మల చాటున నిలబడి వాణ్ణే చూస్తా ఉన్నా, నీళ్ళలోకి దిగుతాడేమోనని." ఆయన చేతికంటిన చిట్టు దులుపుకున్నాడు. "ఇశ్రాయేలు కార్డొచ్చిన రోజు వాడు లేచి తలంటుకున్నాడు. మారు అన్నం అడిగాడు. రెండు వారాలు పోయాక మళ్ళీ గోడవైపు తిరిగాడు. అప్పుడు రెండోది నేను రాయించా. ఇంక ఆపడం నా వల్ల కాలేదమ్మా. పొలం పోతే పోయింది. వాడు లేచి తిరుగుతున్నాడు, అది చాలు."

ప్రమీలారాణి కోపం సగానికి సగం దిగిపోయింది. కానీ మిగతా సగం ఉంది.

"షెడ్డు వేసి, పద్నాలుగు బ్లాకులూ పోసి కూర్చున్నాక ఒక్కడూ రాకపోతే అప్పుడు ఏం రాయిస్తారు మావయ్యా? అప్పుడు మళ్ళీ పడుకుంటే లేపడానికి మన దగ్గర ఏముంటుంది?"

గేదె చిట్టు కోసం తల విదిలించింది.

"రేపు పొద్దున్న మీరే చెప్పండి. మీరు చెప్పకపోతే నేను చెప్తా. నా నోటి నుంచి వినడం ఆయనకి బాగుండదు."

మర్నాడు ఫలహారాల దగ్గర బ్రహ్మయ్య చెప్పాడు. కొడుకు మొహం చూడకుండా, పళ్ళెం అంచు మీద వేలు పెట్టి, మొదటి నుంచీ చివరి దాకా చెప్పాడు. సౌభాగ్యమ్మ చట్నీ గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమెకూ ఇది కొత్త సంగతే.

భవానీప్రసాద్ మొదట నవ్వాడు. తర్వాత లేచి నిలబడ్డాడు.

"అంటే ఊరందరికీ తెలుసు. పేటకి తెలుసు, చిల్లకల్లుకి తెలుసు. నాకొక్కడికే తెలీదు."

"ఒరే, నీ మేలు కోరే..."

"ఏం మేలు నాన్నా! నేను కార్డు చూసి ఎగురుతుంటే నువ్వు పక్కన కూర్చుని 'మంచిదిరా' అన్నావు. నిజం చెప్పినందుకు సిలార్‌తో మాటలు మానేశా నేను. పదిమందిలో నన్ను పిచ్చోణ్ణి చేశావు!"

"తండ్రితో మాట్లాడే తీరు అదేనట్రా?" అంది సౌభాగ్యమ్మ.

"మీరుండండి అత్తయ్యా. అననివ్వండి" అంది ప్రమీలారాణి.

అతను చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఎక్కడికని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పది గంటలకు బ్రహ్మయ్య మునేటి గట్టుకు వెళ్ళి చూసి వచ్చాడు. పన్నెండింటికి మళ్ళీ వెళ్ళాడు. మూడింటికి వెళ్ళబోతే ప్రమీలారాణి గొడుగిచ్చి, తానూ కూడా నడిచింది. గట్టు మీద మేకలు తప్ప ఎవరూ లేరు. ఇద్దరూ తిరిగొచ్చారు. వంటింట్లో వండిన కూర వండినట్టే ఉంది.

దీపాలు పెట్టే వేళకు గేటు చప్పుడైంది. భవానీప్రసాద్ మోచేతుల దాకా నల్లటి గ్రీజు. అరుగు మీద తండ్రికి కొంచెం ఎడంగా కూర్చున్నాడు. ప్రమీలారాణి చెంబుతో నీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ద్వారబంధం దగ్గర ఆగిపోయింది.

"పొలం కొనేవాళ్ళకి కబురు చేశా, రిజిస్ట్రేషన్ లేదని" అన్నాడు అతను. "సిలార్ దగ్గరికి వెళ్ళా. తప్పయిపోయిందన్నా. డీజిల్ ఇంజన్లు దించడానికి రెండో మనిషి కావాలంట. మధ్యాహ్నం నుంచి అక్కడే చేశా. రేపు కూడా రమ్మన్నాడు."

"మంచిదిరా" అనబోయి బ్రహ్మయ్య ఆగాడు. ఆ మాట అనే ముఖం ఆయనకు లేదనిపించింది.

"అంతకు ముందు కార్డులు రాసిన వాళ్ళిళ్ళకి వెళ్ళా. ఒక్కడైనా నిజంగా కొంటానంటాడేమోనని. ఆరిళ్ళు తిరిగా. ఒక్కడూ బ్లాకు సంగతి ఎత్తలేదు నాన్నా. అందరూ నీ గురించే చెప్పారు. రెడ్డిగూడెంలో బస్సు దిగి, ఆ మోకాళ్ళతో రెండు మైళ్ళు నడిచావంట. చెప్పులు గుమ్మం బయట వదిలి, చేతులు కట్టుకుని నిలబడ్డావంట. కూర్చోమంటే కూర్చోలేదంట. నిన్ను అట్టా ఎవరూ ఎప్పుడూ చూళ్ళేదన్నారు." అతను చేతికంటిన గ్రీజు వంక చూసుకున్నాడు. "పదమూడు గుమ్మాలు ఎక్కావు. పక్క గదిలో ఉన్న నా దగ్గరికొచ్చి, ఎలా ఉందిరా అని ఒక్కసారి అడగలేకపోయావా?"

బ్రహ్మయ్య పై గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.

"భయమేసిందిరా. నువ్వేం చెప్తావో అని. వాళ్ళందర్నీ అడగడం తేలికనిపించింది."

లోపల నుంచి సౌభాగ్యమ్మ అన్నానికి పిలవబోతే ప్రమీలారాణి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. బ్రహ్మయ్య అరుగు మీద జరిగి కొడుకు పక్కకు వచ్చాడు. గ్రీజు పట్టిన ఆ చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. భవానీప్రసాద్‌కు పదేళ్ళు దాటాక ఆయన ఆ చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

"ఎలా ఉందిరా నీకు?"

"బాగాలేదు నాన్నా" అన్నాడు భవానీప్రసాద్. "ఏం బాగాలేదు."

అని తండ్రి భుజం మీద తల పెట్టి, ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, వీధిలోకి వినబడేలా ఏడ్చాడు. బ్రహ్మయ్య ఊరుకోమనలేదు. వీపు నిమురుతూ, "చెప్పు. నేను వింటా" అన్నాడు. భవానీప్రసాద్ ఫ్యాక్టరీ గేటుకు తాళం వేసిన రోజు నుంచి మొదలుపెట్టాడు.