ఆయనకి పోసిన వేన్నీళ్ళు

మా ఇంట్లో గీజరు మా ఆయన కోసం పెట్టించిందేనండి. చిన్నప్పట్నుంచీ గోదాట్లో నడుం లోతున నిలబడి వలేసిన ఒళ్ళు. ముసలితనంలో నొప్పులన్నీ ఒక్కసారే పైకొచ్చినాయి. వేన్నీళ్ళు పడితేగానీ మనిషి మనిషయ్యేవాడు కాదు. మాది నర్సాపురం పక్కన, ఏటిగట్టు కింద ఇల్లు.

ఆయన పోయాక గీజరుకి తిక్క పుట్టింది. ఓరోజు నీళ్ళు కాగుతాయి, ఓరోజు కాగవు. ఎర్ర లైటు మామూలుగానే వెలుగుద్ది. కుళాయి తిప్పితే చల్లటి నీళ్ళు. నా ఒక్కదానికైతే ఏ నీళ్ళైనా ఒకటే. మా అమ్మాయి లోవలక్ష్మి పురిటికొచ్చి ఉందండి. పాప నెలలు నిండకుండానే పుట్టేసింది. పిట్టంత ఉంది. "చలి తగలనిచ్చేరంటే నేనేం చెప్పలేను" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పి పంపింది.

మా వీధిలో కరెంటు పని చేసే శ్యాంబాబుని పిలిచేను.

"ఏంరా, నిన్న బాగుచేసి వెళ్ళేవు. మళ్ళీ అదే గోల."

"అప్పాయమ్మత్తా, కాయిల్ బాగుంది. థర్మోస్టాట్ బాగుంది. వైరు కూడా మార్చేసేను. ఇంకేం మార్చమంటావు, నన్ను మార్చమంటావా?"

"నిన్ను మారిస్తే మీ ఆవిడ సంతోషిస్తుందిలే. ముందు నీళ్ళు కాగనీ."

నవ్వుతా ట్యాంకు మీద చెయ్యేసేడు. నవ్వు ఆపేసేడు.

"అత్తా... ఇది ఆగిపోవట్లేదు. బాగానే కాగుతోంది. మీకంటే ముందు ఎవరో వాడేస్తున్నారు."

"ఎవర్రా వాడేది? ఉన్నది నేనూ, బాలింతా."

కిందకి చూపించేడు. పొద్దున్నుంచీ ఎవరం స్నానాల గదిలోకెళ్ళలేదండి. గచ్చు తడిగా ఉంది. కాలు పెడితే వెచ్చగా ఉంది. అద్దం మీద ఆవిరి పట్టి ఉంది. అప్పుడు కొట్టింది కంపు. ఆఖర్న ఆయన మంచాన పడ్డప్పుడు వీపు మీద పుండ్లు పడ్డాయండి. చీము, పౌడరు, చెమట... అదే కంపు. నా చేతుల్తో కడిగిన పుండ్లే. అప్పుడు రాని వాంతి ఇప్పుడొచ్చింది. పూలల్లో పెట్టి పంపించిన మనిషండి. ఆ కంపు ఆయనదని నా నోటితో నేనెలా చెప్పను?

శ్యాంబాబు ట్యాంకు కింద బిరడా విప్పేడు. ముందు నీళ్ళొచ్చినాయి. తర్వాత చిక్కగా దిగింది. చీమిడిలా సాగుతోంది. మురిగిన చేప మీద జిగురు ఉంటుంది చూడండి, అలా. అందులో కుళ్ళిన పసుపు ముద్దలు. నెరిసిన వెంట్రుకలు ఉండచుట్టుకుని. పొరలు పొరలుగా తెల్లటిదేదో... తోలు.

శ్యాంబాబు గుమ్మంలోనే కక్కేసేడు.

"అత్తా, దీంట్లోకి మంచినీళ్ళ పైపు ఒక్కటే వెళ్తుంది... ఇవెలా వెళ్ళినాయి?"

నాకు తట్టిందండి. ఆయన పోయినరోజు వాన. ఆఖరి స్నానానికి నీళ్ళు కాచుదామంటే కట్టెలు అంటుకోలేదు. మాలో పోయినవాళ్ళకి నీళ్ళు కాచిన కుండ మళ్ళీ ఇంట్లోకి రానివ్వం. అక్కడే పగలగొట్టి, పొయ్యి రాళ్ళు తన్నేసి వచ్చేస్తాం. ఆరోజు ఎవరో "గీజరుందిగా" అన్నారు. బకెట్లు పట్టేసేరు, పసుపు రాసి ఆ నీళ్ళే ఆయనకి పోసేరు. గోడకి బిగించినదాన్ని పగలగొట్టాలని ఎవరికి తోస్తుందండి? అదే గీజరు నీళ్ళు పాపకి కూడా పోసేను నేను.

అప్పటికప్పుడు ఊడబెరికించేను. గట్టు అవతలికి మోయించి గునపంతో పొడిపించేను. ఎండ పేలిపోతోంది. దాన్ని పొడుస్తుంటే లోపల్నుంచి ఇంకా కారుతానే ఉంది.

ఇంటికొచ్చి పెరట్లో పొయ్యి రాజేసేను. కొత్త కుండలో నీళ్ళు పెట్టేను. కట్టెల పొగ తగిల్తే ప్రాణం లేచొచ్చింది. పీట మీద కూర్చుని కాళ్ళు చాపుకుని, "అమ్మాయ్, పాపని తీసుకురా, నీళ్ళు పోసేస్తాను" అని కేకేసేను.

లోవలక్ష్మి పాపనెత్తుకుని గుమ్మంలోకొచ్చి ఆగిపోయింది.

"అదేంటమ్మా... ఇందాక పోసేవుగా?"

"నేనా?"

"నాకు కునుకు పట్టిందే. లేచేసరికి పాపకి తల తడిగా, ఒళ్ళు వెచ్చగా... ఉయ్యాల్లో పడుకోబెట్టి ఉంది. నువ్వే అనుకున్నాను..."

చేతులు చాపేను. ఇచ్చింది.

పాల వాసన లేదు. అదే కంపు. జుట్టు నిండా పసుపు. గుప్పిట విప్పేను... వేళ్ళు ముడతలు పడిపోయి ఉన్నాయి, చాలాసేపు నీళ్ళలో నానినట్టు. ఊపిరి తీస్తోంది. నిద్రపోతోంది.

చుట్టిన గుడ్డ తీసేను.

పాప కాలి బొటనవేళ్ళు రెండూ... కలిపి కట్టి ఉన్నాయండి. తెల్ల దారంతో. పాడె ఎక్కించేముందు కడతామే, అలాగ.

విప్పుదామని పట్టుకున్నాను. దారం ఇంకా వేడిగా ఉంది.