నారింజ రంగు అడుగులు

అంగారకుడి మీది అరుణపురంలో అందరూ సొరంగాల్లోనే నడుస్తారు. 2096 నాటికి అక్కడి దారుల్లోనూ ఇళ్ళలోనూ నేలంతా జాడపలకలు పరిచారు. అడుగు బరువునీ వేడినీ బట్టి అది ఎవరిదో గుర్తుపెట్టుకునే సెన్సర్లు వాటిలో ఉంటాయి. సొరంగం కూలితే లోపలున్నవాళ్ళని వెతకడానికి డాక్టర్ కాదంబరి వాటిని కనిపెట్టింది. ఆమె చిత్రకారిణి కూడా.

ఊరి పటాన్ని ప్రదర్శనశాల నేల మీద పరిచి, మగవాళ్ళ అడుగులు నీలంగా, ఆడవాళ్ళవి నారింజ రంగులో వెలిగించాలనుకుంది. అందరి అనుమతీ అడిగింది. బడిపిల్ల సౌగంధి ఒక్కతే సందేహించింది.

"మేం వెళ్ళే దారి అందరికీ తెలిసిపోతుందేమో మేడమ్?"

"తెలియాలనే కదమ్మా ఇదంతా!" అని నవ్వింది కాదంబరి. సౌగంధి సంతకం పెట్టింది.

ప్రదర్శన రోజు జనం ఆ నేలని చూసి ఆగిపోయారు. ఇళ్ళ నుంచి బడికి తిన్నగా వెళ్ళే సొరంగం నాలుగు నిమిషాల దారి. అందులో అన్నీ నీలం గీతలే. నారింజ గీతలు పంపుహౌసు వెనకనుంచి చుట్టూ తిరిగి పోతున్నాయి. అది ఇరవై నిమిషాల నడక.

"ఆడపిల్లలకి నడక మంచిదేలెండి!" అన్నాడొకాయన. కొందరు నవ్వారు.

"తిన్నని దారిలో బెంచీల మీద కూర్చునేవాళ్ళు మా మెళ్ళో ఆక్సిజన్ మాస్కులు పట్టుకుని లాగుతారండీ," అంది సౌగంధి తలెత్తకుండా. "మీద చేతులేస్తారు. అరిస్తే, సరదాకే కదా అంటారు."

నవ్వులు ఆగిపోయాయి. నగర సంఘం పెద్దలు సందర్శకుల పుస్తకంలో 'కళ్ళు తెరిపించే చిత్రం' అని రాసి వెళ్ళారు. బెంచీల జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

నెల తర్వాత కాదంబరి చిత్రాన్ని మళ్ళీ వెలిగించింది. తిన్నని దారిలో ఈసారి నారింజ గీతలుంటాయని ఆశపడింది. ఒక్కటీ లేదు. చుట్టుదారిలోనూ లేవు. పంపుహౌసు వెనక మాత్రం నీలం చుక్కలు గుంపుగా ఉన్నాయి.

"వీళ్ళెప్పుడు చేరారిక్కడ?" అని చిత్రాన్ని నడిపే యంత్రాన్ని అడిగింది.

"ప్రదర్శన మర్నాటి నుంచి. పదకొండు మంది. అందరూ మీ చిత్రం చూసినవాళ్ళే."

"మరి సౌగంధి?"

"ఆమె అడుగులు ఇల్లు దాటడం లేదు. వాళ్ళ నాన్నవి ఒకసారి బడి ఆఫీసు దాకా వెళ్ళొచ్చాయి."

ఆ పిల్ల అడిగింది ఒక్క ప్రశ్న. దానికి తను నవ్వింది.

కాదంబరి నేల మీద కూర్చుని, పటంలో ఆ ఇంటిని పెద్దది చేసింది. నారింజ అడుగులు రోజూ బడి వేళకి గదిలోంచి వీధి తలుపు దాకా వస్తున్నాయి. అక్కడ కాసేపు ఆగి, వెనక్కి తిరుగుతున్నాయి.