కుక్క చూసింది!

క్లిక్!

మెయిన్ డోర్ దానంతట అదే లాక్ అయిపోయింది.

మొగిలి హ్యాండిల్ పట్టుకుని లాగుతున్నాడు. కదలదు. రెండు చేతులతో లాగుతున్నాడు. ఊహూఁ!

"నా వేలు పడితేనే ఆ తలుపు తెరుచుకుంటుంది మొగిలి గారూ..."

వెనక అవినాష్. గొంతులో తొందరేమీ లేదు. చేతిలో మాత్రం రివాల్వర్ ఉంది.

మొగిలి పక్కకు దూకాడు. సోఫా వెనక్కి... అక్కణ్నుంచి డైనింగ్ హాల్లోకి!

గచ్చిబౌలిలో ముప్ఫై నాలుగో అంతస్తు. సాయంత్రం ఆరున్నర. కింద ఆఫీసు బస్సుల హారన్లు దోమల రొదలా పైకి వినిపిస్తున్నాయి. ఇక్కడ ఒక్కడు అరిస్తే అక్కడ ఎవరికి వినిపిస్తుంది?

పావుగంట క్రితం దాకా మెకానిక్ మొగిలికి ఇది మామూలు సర్వీస్ కాల్.

రోబో కుక్క. సిటీ మొత్తం మీద ఇలాంటివి నాలుగో అయిదో ఉంటాయి. నీలంగా వెలిగే కళ్లు, స్టీలు కాళ్లు. ఒంట్లో బాగాలేకపోతే తానే కనిపెట్టి సర్వీస్ సెంటర్‌కు కంప్లయింట్ పంపుకుంటుంది. ఈసారీ అదే పంపుకుంది. 'కెమెరా ఎర్రర్' అని.

పనిమనిషి సక్కుబాయి తాళంచెవితో తలుపు తీసింది. "గిదేం కుక్కనో బిడ్డా... సోఫాలకు, గోడలకు గుద్దుకుంటాంది. సారుకేమో చూసే టైమే లేదాయె!" అని నవ్వి, పక్క ఫ్లాట్‌లో గిన్నెలు తోమడానికి వెళ్లిపోయింది.

మొగిలి కుక్కకు కేబుల్ పెట్టాడు. టెస్ట్ మోడ్ ఆన్ చేశాడు. తడిబట్టతో దాని నుదురు తుడిచాడు. లాప్‌టాప్‌లో ఎర్రర్ ఏ రోజు మొదలైందో చూస్తున్నాడు.

అప్పుడే ఇంటి ఓనర్ అవినాష్ వచ్చాడు. స్మార్ట్ కళ్లద్దాల కంపెనీ పెట్టినవాడు. సోమవారమే వాటి లాంచ్.

లాప్‌టాప్ తెర మీద తేదీ చూశాడు. ఆయుధపూజ నాటి తేదీ!

మొహంలో నెత్తురు లేదు.

"ఆ వీడియో ఎలా బయటికి తీశావ్?"

"ఏ వీడియో సార్?"

అంతే! సొరుగులోంచి రివాల్వర్ బయటికొచ్చింది! మొగిలి తలుపు వైపు పరిగెత్తాడు.

ఇప్పుడు హాల్లోంచి అవినాష్ గొంతు. "లైట్స్ ఆఫ్! కర్టెన్స్ క్లోజ్!"

"ఓకే, అవినాష్..." అంది ఇల్లు, తియ్యటి ఆడగొంతుతో.

చీకటి.

మొగిలి కిచెన్‌లోకి పాకుతున్నాడు. ఫోన్? లాప్‌టాప్ పక్కనే వదిలేశాడు!

ఎదురుగా ఫ్రిజ్ తలుపు భగ్గున వెలిగింది! మనిషి దగ్గరికొస్తే పలకరించే ఫ్రిజ్ అది.

'హలో! పాలు అయిపోయాయి.'

"దీని పాడుగాను..." మొగిలి వెనక్కి పాకాడు. పెద్ద కిచెన్ గట్టు కిందకు దూరాడు. ఊపిరి బిగబట్టాడు.

హాల్లోంచి ఒక్క మాట.

"సెర్చ్!"

టక్... టక్... టక్... టక్...

స్టీలు కాళ్లు. పాలరాయి మీద.

మొగిలి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ఇందాకటి దాకా గోడలకు గుద్దుకున్న కుక్క! తానే బాగుచేశాడు. ఇప్పుడది చీకట్లో కూడా చూడగలదు. ఇంత శ్రద్ధగా ఎవడు చేయమన్నాడు?

టక్. ఆగింది.

రెండు నీలం కళ్లు. జానెడు దూరంలో!

కుక్క మొరిగింది.

"గుడ్ బాయ్..." అవినాష్ బూట్లు దాని పక్కన ఆగాయి. "బయటికి రండి మొగిలి గారూ. నేల మురికిగా ఉంటుంది."

మొగిలి చేతులెత్తి లేచాడు. "నేను ఏం జూడలే సార్. అమ్మతోడు!"

"నువ్వు చూడలేదయ్యా. ఇది చూసింది. ఆ రోజు బాల్కనీ గుమ్మంలో నిలబడి, కళ్లార్పకుండా చూసింది. యాప్‌లోంచి ఆ వీడియో నేను డిలీట్ చేశాను... తెరిచి చూసే ధైర్యం లేక, చూడకుండానే. కానీ నీలాంటి వాళ్లు ఎంత లోతు నుంచైనా పైకి లాగుతారుగా!"

బాల్కనీ... ఆయుధపూజ... తొమ్మిది రోజుల కిందట... మొగిలికి వెలిగింది.

"మధుసూదన్ సార్! మీ పార్ట్‌నర్... జారిపడ్డడని పేపర్ల రాసిన్రు గదా?"

"జారలేదు. తోశాను." అవినాష్ రివాల్వర్‌ను ఇంకాస్త పైకెత్తాడు. "ఆ కళ్లద్దాల డిజైన్ తనదేనని లాంచ్‌లో స్టేజి మీద చెప్తానన్నాడు. అయిదేళ్ల నా కష్టమండీ! ఒక్క తోపు... అంతే."

మొగిలి కుక్కను చూశాడు. అవినాష్‌ను చూశాడు. అంత భయంలోనూ నవ్వొచ్చింది.

"ఎందుకు నవ్వుతున్నావ్?"

"సార్... దాని కండ్లు ఉత్త లైట్లు. షోకు పెట్టిన్రు. అసలు కెమెరా నుదుట్ల ఉంటది... ఆవగింజంత."

"అయితే?"

"ఆయుధపూజ నాడు పొద్దుగాలనే సక్కుబాయమ్మ మీ ఇంట్ల అన్నిటికి బొట్టు పెట్టింది. ఫ్రిజ్‌కు, టీవీకి... కుక్కకు గూడ. గంధం మీద కుంకుమ. సక్కగ కెమెరా మీద! ఎండి గట్టిపడ్డది."

అవినాష్ చూపు కుక్క నుదుటి మీదకు వెళ్లింది.

"ఆ దినం అది ఏం జూడలే సార్. తొమ్మిది దినాల సంది దానికి ఉత్త చీకటే. ఇయ్యాల నేను వచ్చినంక తుడ్సిన."

మొగిలి కుక్క వైపు చెయ్యి చూపాడు.

"ఇగో... ఇప్పుడు చూస్తాంది."

కుక్క తల తిప్పి అవినాష్‌ను చూసింది. దాని స్పీకర్‌లోంచి అమ్మాయి గొంతు!

"మొగిలన్నా, ప్రశాంతిని! సర్వీస్ సెంటర్‌ల నా కంప్యూటర్ మీద అంతా కనబడ్తాంది! నువ్వు టెస్ట్ మోడ్ పెట్టినప్పటి సంది రికార్డ్ అయితనే ఉంది. గన్ కనబడంగనే పోలీసులకు కొట్టిన. తలుపు బయటనే ఉన్నరు! ఫికర్ చేయకు అన్నా!"

ఢాం!

కుక్క ఎగిరి పక్కకు పడింది. నీలం కళ్లు ఆరిపోయాయి.

గుప్పున పొగ వాసన. రివాల్వర్ గొట్టం మెల్లగా మొగిలి వైపు తిరుగుతోంది...

"ఉండనీ! జర్మనీ లాక్ అది. స్టీలు తలుపు. నా వేలు లేకుండా వాళ్లు లోపలికొచ్చేసరికి..."

మాట సగంలో ఆగింది.

తలుపు దగ్గర చప్పుడు.

బీప్ కాదు. 'ఓకే, అవినాష్' కాదు. కిర్రుమని... ఇనుము తిరుగుతున్న చప్పుడు!

ముప్ఫై ఏళ్లు గిన్నెలు తోమి అరిగిపోయిన సక్కుబాయి వేళ్లను ఆ జర్మనీ లాక్ ఏ రోజూ గుర్తుపట్టలేదు. విసుగెత్తి అవినాషే ఆమె చేతిలో పెట్టాడు... బాక్సులో అడుగున పడున్న తాళంచెవి.

తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగు. మూడు తుపాకులు!

"డ్రాప్ ఇట్!"

రివాల్వర్ పాలరాయి మీద పడి గిర్రున తిరిగింది.

పోలీసుల భుజాల సందులోంచి సక్కుబాయి తొంగిచూసింది. చేతులకు ఇంకా సబ్బు నురగ. ఆమె చూపు రివాల్వర్ మీద పడలేదు, అవినాష్ మీదా పడలేదు. తిన్నగా కింద కూలిన కుక్క మీద పడింది.

"అయ్యయ్యో... దాని బొట్టు ఎవడు తుడ్సిండు?"