మిగిలిన ఒక్క సకినం

"మిగతా తొమ్మిది ఏవి?"

రేవతి చివరి కవర్ ఊపి చూసింది. అందులో నువ్వులు కలిపిన బియ్యప్పిండి సకినం ఒకే ఒక్కటి ఉంది.

వదినె జ్యోతిరాణికి ఏడో నెల. పొద్దున వేములవాడ నుంచి ఆమె తల్లిగారు సారె తెచ్చారు. ఆ సకినాలను వాడంతా పంచాలి. అన్ని ఇళ్లకూ సమానంగా అందాలని రేవతి వాళ్ల అవ్వ గట్టిగా చెప్పింది. పక్కింటి వనజ కవర్లు తెరిచి పట్టుకుంటే, రేవతి పదేసి వేసింది.

సారె తెచ్చేవాళ్లు లెక్క తక్కువ తెస్తారా? రేవతి వనజను ఓరగా చూసింది. ఆమె కింది పెదవి దిగువన, గదవ మీద నువ్వుగింజ! తను నీళ్లకు పోయినప్పుడు వనజ ఇక్కడ ఒక్కతే ఉంది.

"గా నువ్వులెక్కడియే?"

వనజ గబుక్కున తుడుచుకుంది. రేవతి అనుమానం ఇంకా పెరిగింది.

"నువ్వే తిన్నవ్!"

"ఒట్టు, ఒక్కటి గూడ ముట్టలే!"

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయినయా?"

వనజ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నీ సోపతే వద్దు పో," అని వెళ్లిపోయింది.

అవ్వ వచ్చి చూసింది. "పదేసి ఇస్తే వాడంతా రావు బిడ్డా. ఏడేసి వెయ్యి."

రేవతి అన్నీ స్టీలు తాంబాళంలో కుమ్మరించి ఏడేసి వేసింది. చివర మళ్లీ ఒక్కటే!

అంటే ఇప్పుడు ఆరే తక్కువ. ఇందాక తొమ్మిది తక్కువ కదా? తిన్నవి తిరిగి రావు కదా?

ఆరేసి వేసింది. ఒక్కటి మిగిలింది. ఐదేసి వేసింది. ఒక్కటే. గోడ మీది బల్లిని కూడా అనుమానంగా చూసింది.

చివరికి అన్నీ లెక్కపెట్టింది. రెండు వందల పదకొండు. పాత పేపరు అంచున భాగహారాలు చేసింది. రెండుతో, మూడుతో, ఐదుతో, ఏడుతో భాగిస్తే ఒకటి మిగిలింది. పదకొండుతో రెండు, పదమూడుతో మూడు. పదిహేడును పదిహేడుతో గుణిస్తే ఈ సంఖ్యనే దాటిపోయింది. ఇక చూడక్కర్లేదు.

బడిలో రాయమల్లు సారు చెప్పిన ప్రధాన సంఖ్య ఇదే! కవర్‌కు ఒక్కొక్కటి తప్ప ఎన్నేసి వేసినా సమానంగా రావు.

"అన్నీ ఉన్నయా?" వదినె అడిగింది. "మా అవ్వ వేములవాడలనే రెండు వందల పది లెక్కపెట్టింది. సున్నతోని పంపద్దని పైనొకటి వేసింది."

రేవతి సకినాలన్నీ తిరిగి గంపలో పోసింది. ఖాళీ అయిన స్టీలు తాంబాళంలో తన ముఖం కనిపించింది. గదవ మీద రెండు నువ్వుగింజలు! తనూ ఒక్కటి కూడా తినలేదు.

గంప ఎత్తుకొని వనజ గడప దగ్గరికి పోయింది.

"ఒక్కటి గూడ పోలేదే. నాదే తప్పు."

వనజ తలుపు సందులోంచే చూసింది. "నిజంగనా? మల్ల గిట్లనే అంటవ్."

"అనను. ఈసారి నువ్వు వెయ్యి, నేను కవర్లు పడ్త."

వనజ తలుపు పూర్తిగా తెరిచింది. ఇద్దరూ ఏడేసి వేశారు. మిగిలిన ఒక్కదాన్ని చెరిసగం విరుచుకున్నారు.

తిన్నాక రేవతి తలెత్తి చూసింది. వనజ గదవ మీద మళ్లీ నువ్వుగింజ.

రేవతి ముందు తన గదవ తుడుచుకుంది.