నాలుగో చక్రం

అది మంగళవారం. రాత్రి పదకొండున్నర దాటింది. ఆ వేళప్పుడు ఆ షెడ్డులోకి వీధిలోవాళ్ళెవరూ అడుగు పెట్టరు.

దానికున్న పేరు అలాంటిది. వీధి ఎత్తు మీద, ఇంటిని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు. పగలంతా పిల్లలు దాని గోడకేసి బంతి కొట్టుకుంటారు. పొద్దు వాలిందంటే మాత్రం బంతి అటు పడినా తెచ్చుకోరు... తెల్లారాక చూసుకుందాంలే అని ఇళ్ళకి పోతారు. ఒక్కో రాత్రి తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు కనిపిస్తుందని పాలు పోసే ఆయన చెప్పాడు. మేమూ చూశామని ఒట్టేసిన వాళ్ళు ఇంకో ఇద్దరు ముగ్గురున్నారు.

ఎందుకంటే, ఆ ఇంటాయన పోయింది అక్కడే. ఒక సాయంత్రం కారు తెచ్చి లోపల పెట్టారు. ఇంజన్ ఆపారు. సీట్లోనే ప్రాణం పోయింది. కాలు బ్రేకు మీదే ఉండిపోయింది. వెనక ఎర్ర దీపాలు రాత్రంతా వెలిగి, బ్యాటరీ అయిపోయాక గానీ ఆరలేదు.

భగవంతుడు ఆయన్ని బాధ పెట్టకుండానే తీసుకెళ్ళాడు. కష్టమంతా మిగిలినవాళ్ళకి.

కారు అక్కడే ఉండిపోయింది. టాపు వెనక్కి మడిచే పాతకాలపు కారు. వీధి పిల్లలు దాన్ని ‘బోడికారు’ అనేవారు. ఏళ్ళ తరబడి తుప్పు పట్టి కూర్చుంది.

దాన్ని మళ్ళీ రోడ్డెక్కిద్దామని ఆయన పిల్లలిద్దరూ పూనుకున్నారు. తమ్ముడు మెకానిక్కు. అక్క ఆసుపత్రిలో నర్సు. పగలు ఎవరి ఉద్యోగం వాళ్ళది, రాత్రి భోజనాలయ్యాక తుప్పు గీకడం. గీకిన కొద్దీ తుప్పు, తుప్పు కింద చిల్లు, చిల్లుకి కొత్త రేకు. ఇంజన్ సగం ఇంకా పెట్టెల్లోనే ఉంది. ఇద్దరికీ నిద్ర అనేది పండక్కొచ్చే చుట్టం అయిపోయింది.

అమ్మ మాత్రం ఆ షెడ్డు గడప తొక్కలేదు.

“మీ నాన్నని మింగింది చాలదూ? మీ నిద్ర కూడా దానికే పెట్టండి,” అనేది. అనేసి, ఇద్దరి అన్నాల మీదా మూత పెట్టి పడుకునేది.

ఆ మంగళవారం వాళ్ళకి వేరే దారి లేదు. వీధి వెడల్పు చేస్తున్నారు. తెల్లారగానే షెడ్డు పడగొట్టేవాళ్ళు వస్తున్నారు. కారు ఎక్కించుకుపోయే లారీ ఆ వీధి మలుపు తిరగలేదు. కారే తనంతట తాను వాలు దిగి, కిందున్న తమ్ముడి వర్క్‌షాపుకి చేరాలి. దిగడానికి ఇంజన్ అక్కర్లేదు, ఆగడానికే బ్రేకులు కావాలి. బ్రేకు పట్టకపోతే కారుని దించే వీల్లేదు. దించకపోతే షెడ్డుతో పాటు అదీ తుక్కే.

బ్రేకు పైపుల్లో నూనెతో పాటు గాలి ఉండిపోయింది, గాలి ఉంటే బ్రేకు పట్టదు. ఆ గాలి తియ్యడం ఒక్కడి పని కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ కొట్టాలి. ఇంకొకరు కింద పడుకుని, చక్రం వెనకున్న చిన్న నట్టు వదిలి, బుడగలు పోయాక బిగించాలి. పైవాళ్ళు కిందవాళ్ళకి కనపడరు. కిందవాళ్ళు పైవాళ్ళకి కనపడరు. మాటే ఆధారం. సీట్లో అక్క, కింద తమ్ముడు.

“కొట్టు.”

“కొడుతున్నా.”

“పట్టు... పట్టే ఉండు... ఆఁ, వదులు.”

“పొద్దున్నుంచి రోగుల మాట విన్నాను, ఇప్పుడు నీ మాట వింటున్నాను. నా మాట వినేదెవర్రా?”

“బ్రేకులయ్యాక వింటాలే. కొట్టు.”

అలా వెనక చక్రాలు రెండూ అయ్యాయి. తమ్ముడు పాకుతూ ముందుకొచ్చి ఎడమ చక్రం దగ్గర పడుకున్నాడు. అక్కడి నట్టు తుప్పుతో బిగుసుకుపోయింది. సుత్తితో దాన్ని కొడుతుంటే ఆ రేకుల షెడ్డంతా మోగింది. చాలాసేపటికి కదిలింది.

“అక్కా, కొట్టు.”

పెడల్ కదల్లేదు.

“అక్కా...”

కాసేపటికి పైన సీటు స్ప్రింగులు కిర్రుమన్నాయి. పెడల్ కదిలింది... తడబడుతూ, వణుకుతూ. పాపం, సగం నిద్రలో ఉంది అనుకున్నాడు. రెట్టించలేదు.

“పట్టు... వదులు. ఇది అయిపోయింది. చాలు.”

ఆ ‘చాలు’తో పాటే వాడి కళ్ళూ మూతపడ్డాయి. నేల చల్లగా ఉంది. చేతిలో స్పానర్ అలాగే ఉంది. ఎంతసేపు పడుకున్నాడో వాడికే తెలియదు.

ఉలిక్కిపడి లేచి, కుడివైపుకి జరిగాడు. ఆఖరి చక్రం. డ్రైవరు సీటు సరిగ్గా వాడి మొహం పైనే ఉంది. మధ్యలో వాడే అతికించిన కొత్త రేకు, అంతే.

“అక్కా, ఇదొక్కటే. కొట్టు.”

పెడల్ కిందకి దిగింది.

ఈసారి వణుకు లేదు. నిదానంగా, ఒకే బరువుతో... మళ్ళీ... మళ్ళీ. వెనక గోడ మీద ఎర్రటి వెలుగు పడుతూ, ఆరుతూ ఉంది.

‘పట్టు’ అనబోయాడు. అనే లోపే పెడల్ ఆగింది.

నట్టు వదిలాడు. బుడగలు బుసబుసమంటూ కింద పెట్టిన సీసాలోకి పోయాయి. తర్వాత నూనె ఒక్కటే, సన్నటి ధారగా. బిగించాడు. ‘వదులు’ అనలేదు వాడు... అయినా పెడల్ లేచింది.

“ఇప్పుడు నేర్చుకున్నావే!” అన్నాడు నవ్వుతూ. “నాలుగు చక్రాలూ అయ్యాక.”

స్పానర్ పక్కన పెట్టాడు.

“నిద్రపోయావా?”

“ఎవరితో రా మాటలు?”

ఆ గొంతు పైనుంచి రాలేదు. తలుపు దగ్గర్నుంచి వచ్చింది.

వాడు బయటికి పాకాడు. అక్క గడపలో నిలబడి ఉంది. రెండు చేతుల్లో రెండు టీ గ్లాసులు. జుట్టు ఒక పక్కకి నలిగి ఉంది.

“నువ్వు... ఎప్పుడు వెళ్ళావు?”

“వెనక చక్రాలవగానే. చెప్పే వెళ్ళాగా. నీ సుత్తి గోలలో వినపడి చావలేదేమో. పొయ్యి దగ్గర కూర్చుని కునికేశాను. మొదటి టీ మాడిపోయింది, మళ్ళీ పెట్టాను.”

వాడు సీటు వైపు చూశాడు. ఎవరూ లేరు. చెయ్యి పెట్టి చూశాడు.

వెచ్చగా ఉంది.

అక్క వాడి మొహం చూసి గ్లాసులు కింద పెట్టింది. ఇద్దరూ ఒకరినొకరు తోసుకుంటూ ఇంట్లోకి పరుగెత్తారు. చిన్నప్పుడు కూడా అలా పరుగెత్తలేదు.

అమ్మ మంచం మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటోంది.

“ఏంట్రా ఆ చూపులు? నేనే నొక్కాను.”

“నువ్వా!”

“నేను కాక ఎవరు? నువ్వు ఖాళీ సీటుకేసి అక్కా అక్కా అని అరుస్తున్నావు. ఇదేమో పొయ్యి ముందు పడి నిద్రపోతోంది. ప్రాణం ఉసూరుమంది, వచ్చాను. నాకు ఆ పని కొత్తా? పెళ్ళయిన కొత్తలో షికారుకి పద అనేవారు మీ నాన్న. ముస్తాబై వెళితే ఆ సీట్లో కూర్చోబెట్టి ‘కొట్టు’ అనేవారు. అదే నా షికారు.”

తమ్ముడు గోడకి చేరబడి, పోయిన ఊపిరి తిరిగొచ్చినట్టు నవ్వాడు. అక్క కూడా నవ్వింది. “మాట్లాడొచ్చు కదే అమ్మా! గుండె ఆగిపోయింది.”

“ఆ సీట్లో కూర్చుని నేనేం మాట్లాడతానే?” అంది అమ్మ.

మళ్ళీ మోకాళ్ళు రుద్దుకుంటూ అంది: “ఒక్క చక్రానికే మోకాళ్ళు పట్టేశాయి. నువ్వు చాలు అన్నావు కదాని లేచి వచ్చేశాను.”

తమ్ముడి నవ్వు ఆగిపోయింది.

“ఒక్క చక్రమేనా?”

“అంతే. వచ్చి, టీ మాడుతోందని దీన్ని లేపాను. రెండో టీ మరిగిందాకా ఇక్కడే ఉన్నానుగా.”

అక్క మెల్లగా తల ఊపింది. అవును... అమ్మే లేపింది. అమ్మ తన పక్కనే ఉంది.

ఆ రాత్రి ముగ్గురూ దీపం ఆర్పలేదు. అమ్మ దేవుణ్ణి తలుచుకుంటూనే ఉంది. ఏం కోరుకుందో ఎవరూ అడగలేదు.

తెల్లారింది. పడగొట్టేవాళ్ళు ఇంకా రాలేదు. తమ్ముడు జాకీలు దించి, తలుపులు బార్లా తీశాడు. డ్రైవరు సీటు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఎక్కడానికి కాలు రాలేదు.

అమ్మ తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వాణ్ణి పక్కకి జరగమంది. డ్రైవరు వైపు తలుపు తనే తెరిచి పట్టుకుంది.

“ఏవండీ...” అంది, పక్క గదిలో ఉన్న మనిషితో అన్నట్టు. “ఇంక దిగండి. పిల్లాడు చూసుకుంటాడు.”

నడుము నొప్పి ఉన్న మనిషి కారు దిగడానికి ఎంతసేపు పడుతుందో, అంతసేపూ తలుపు పట్టుకునే నిలబడింది.

“ఇప్పుడు ఎక్కరా.”

వాడు ఎక్కాడు. పెడల్ మీద కాలు వేశాడు. రాయిలా గట్టిగా పట్టింది. కారు షెడ్డు దాటి, బ్రేకు మీద ఆగుతూ ఆగుతూ వాలు దిగింది. పిల్లలు బంతి వదిలేసి చూశారు.

అమ్మ, అక్క దాని వెనకాలే నడిచారు. అమ్మ మోకాళ్ళు చూసి, అక్క కుడిపక్కకి వచ్చి చెయ్యి పట్టుకోబోయింది.

“ఆ పక్క కాదే,” అంది అమ్మ మెల్లగా. “ఈ పక్కకి రా.”