గింజ పట్టిందా?

దొరవారిసత్రం దాటి పులికాట్ వైపు పోతే, తారు రోడ్డు అయిపోయిన చోట ఉప్పు నేల మొదలవుతుంది. ఎండలో చూస్తే ఎవరో సున్నం చల్లి పోయినట్టు తెల్లగా మెరుస్తుంటుంది. చలికాలంలో ఆ సరస్సులో దిగే పక్షులను చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో కార్లేసుకుని వస్తారు. ఆ నేలను చూడ్డానికి మాత్రం ఎవరూ రారు. అబిగయీలు వచ్చింది. వచ్చి అందులో వరి నాటింది.

ఆమెది నాయుడుపేట. నెల్లూరులో వరి వంగడాల మీద పరిశోధన చేసే ఉద్యోగం. ఉప్పు నీళ్లు తాగి కూడా గింజ పట్టే వరి ఒకటి తీయాలని ఏళ్ల తరబడి పట్టుబట్టి కూర్చుంది. ఇరవై రకాలు తయారు చేసింది. కుండీల్లో అన్నీ బతికాయి. కుండీలో బతికింది మడిలో బతుకుతుందన్న నమ్మకం లేదు కాబట్టి అసలైన ఉప్పు మడి కోసం వెతికితే, సామ్రాజ్యమ్మ పొలం దొరికింది.

సామ్రాజ్యమ్మ ముసలావిడ. భర్త పోయాడు. సరస్సు ఒడ్డున ఉన్న ఆ మడిని తన చేతులతోనే బీడు పెట్టుకుంది. నాటుకుంటామంటే కాదనలేదు కానీ, నారు మోసుకొచ్చిన రోజు గట్టు మీద నిలబెట్టి ఒక మాట చెప్పింది.

"పొద్దు గూకినాక ఈడ ఎవురన్నా ఏమన్నా అడిగితే పలకబాకమ్మా."

"ఎవరు అడుగుతారమ్మా?"

"మా మామ. గంగులయ్య." ఆవిడ గొంతు తగ్గించలేదు, ఊరి కబురు చెప్పినట్టే చెప్పింది. "నేను కాపరానికొచ్చిన కొత్తల్లో గాలివాన కొట్టి సముద్రం నీళ్లు మడి మీదికొచ్చినాయి. పైరు అప్పుడే పాలు పోసుకుంటా ఉండాది. ఊరంతా మిట్టకు పరిగెత్తితే ఆయన ఒక్కడే పైరు ఇడిచి రానన్నాడు. తెల్లారి చూస్తే మోకాళ్ల దాకా బురదలో దిగబడి అట్టనే ఉండాడు. నోట్లో వరికంకి. గింజ పట్టిందో లేదో కొరికి చూసుకుంటానే పోయినాడు. ఆ పైన సమాధానం అని ఒకాయన కౌలుకు నాటినాడు. కంకులన్నీ తాలు. ఒక సాయంత్రం మళ్లోంచి 'గింజ పట్టిందా' అని అడిగితే, 'పట్టలేదు పో' అన్నాడంట. ఇంటికి పోయి అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పు. నీళ్లు తాగితే ఉప్పు. తినలేక తినలేక నెల తిరక్కుండానే పోయినాడు."

అబిగయీలు నవ్వలేదు. వాళ్లమ్మ పుష్పకుమారి పొద్దున లేస్తే ప్రార్థన చేసే మనిషే. అయినా తను ఇలాంటి మాటలు వింటూనే పెరిగింది. "పలకను లేమ్మా" అంది. అప్పటికి ఆ మాట నిజంగానే అంది.

*

సంక్రాంతి వెళ్లి కొన్ని రోజులకు కంకులు బయటపడ్డాయి. గింజల్లో పాలు నిండే సమయం. మంచు దట్టంగా కురుస్తోంది. సరస్సు వైపు చివరి వరసలో మొదటి రకం కంకులు ఉన్నట్టుండి తెల్లబడ్డాయి. నిటారుగా, ఎండు గడ్డిలా, గింజ లేకుండా.

తెల్లకంకి వరి రైతులకు కొత్త కాదు. పురుగు కాండంలోకి దూరి లోపల తొలిచేస్తే కంకికి పాలు అందక తెల్లబడి చస్తుంది. అబిగయీలు ఒక కాండాన్ని బ్లేడుతో నిలువునా చీల్చింది. పురుగు లేదు. రంధ్రం లేదు. లోపలంతా పచ్చగా, ఆరోగ్యంగా ఉంది. ఇంకొకటి చీల్చింది. అంతే. పక్కనే ఇంకా తెల్లబడని కంకి నుంచి ఒక గింజ తీసి గోళ్ల మధ్య నొక్కింది. పాలకు బదులు నీటి బొట్టు వచ్చింది. నాలుకకు తగిలించుకుంది.

సముద్రపు నీళ్లు.

మర్నాటికి రెండో రకం పోయింది. ఆ మర్నాటికి మూడోది. సరస్సు వైపు నుంచి గట్టు వైపు, ఎవరో వరస తప్పకుండా నడిచి వస్తున్నట్టు. మందు కొట్టినా ఆగలేదు. పై అధికారి రూఫస్ గారికి ఫోన్ చేస్తే, "వదిలేయమ్మా, వచ్చే ఏడు ఇంకో చోట వేద్దాం" అన్నాడు.

"పురుగు లేని తెల్లకంకి అని ఏం రాయమంటారు సార్?"

"నేల పనికిరాదని రాయి."

"నేల పనికొస్తోంది సార్. చివరి రకం ఇంకా నిలబడే ఉంది" అంది అబిగయీలు. అది అబద్ధం కాదు. గట్టు పక్కన ఉన్న ఆ ఒక్క రకం ఉప్పులో పెరిగి కూడా నల్లరేగడిలో పెరిగినంత పచ్చగా ఉంది. కంకి బరువుకు అప్పుడే వంగుతోంది. ఇన్నేళ్లూ ఆమె వెతికింది దాన్నే. కోసుకు పోదామంటే వీల్లేదు. పాల మీద ఉన్న గింజను కోస్తే అది విత్తనం కాదు, గడ్డి.

మిగతావన్నీ పోయి ఆ ఒక్కటే మిగిలిన రోజు, చీకటి పడే వేళకు అబిగయీలు మడి దగ్గరే ఉండిపోయింది. తోడుగా కలీం ఉన్నాడు. కలీం నెల్లూరు పరిశోధన కేంద్రంలో టెక్నీషియన్. నలభై దాటిన మనిషి, ముగ్గురు పిల్లల తండ్రి. ఆమెతో వాదించడం ఎప్పుడో మానేశాడు.

"పురుగు రాత్రి పూటే తిరుగుతుంది కదా మేడమ్, చూద్దాం" అన్నాడు, ఆమెకంటే తనకే ధైర్యం చెప్పుకుంటున్నట్టు.

బ్యాటరీ బల్బు ఒకటి కర్రకు కట్టి, దాని కింద కిరసనాయిలు కలిపిన నీళ్ల తొట్టి పెట్టారు. వెలుతురుకు వచ్చే పురుగులు అందులో పడతాయి. పడ్డవాటిని చూస్తే మడిలో ఏముందో తెలుస్తుంది. చీకటి చిక్కబడింది. సరస్సు మీంచి మంచు పాకుతూ వచ్చి మడిని కప్పింది. తడి మట్టి వాసన, కుళ్లిన నాచు వాసన. కప్పలు అరుస్తున్నాయి. బల్బు చుట్టూ దోమలు, రెక్కల పురుగులు గిరగిరా తిరుగుతున్నాయి.

ఉన్నట్టుండి అవన్నీ ఒక్కసారిగా లేచి వెళ్లిపోయాయి.

తొట్టిలో ఒక్క పురుగు లేదు. కప్పల అరుపు ఆగిపోయింది. వెలుతురు మాత్రం ఖాళీగా వెలుగుతోంది.

కలీం ఆమె వైపు చూశాడు. అప్పుడు వినిపించింది... మడికి ఆ చివర, సరస్సు వైపు...

కటుక్కు.

వడ్లగింజ పంటి కింద నలిగిన చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ... కటుక్కు. తుపుక్కున ఊసిన చప్పుడు. బురదలోంచి కాలు పీకిన చప్పుడు. ఈసారి ఇంకొంచెం ఇటు.

"మేడమ్..." కలీం లేచి నిలబడ్డాడు. "పోదాం..."

అబిగయీలు కదల్లేదు. తాలు కంకుల మధ్య దారి పడుతోంది. అటొక దుబ్బు, ఇటొక దుబ్బు పక్కకు ఒరుగుతున్నాయి. మధ్యలో మనిషి లేడు. మంచు మాత్రం అక్కడ కాస్త చిక్కగా ఉంది. పచ్చి వడ్ల పాల వాసన గుప్పున కొట్టింది... దాని వెనకే సముద్రం వాసన.

చివరి రకం ముందు అది ఆగింది.

"గింజ పట్టిందా?"

ముసలి గొంతు. నోటి నిండా నీళ్లున్న మనిషి మాట్లాడినట్టుంది. కలీం ఆమె చెయ్యి పట్టుకుని వద్దు, వద్దని తల ఊపాడు. పెదాలు కదుపుతూ దువా చదువుతున్నాడు.

మొదటి దుబ్బు ఊగింది. బల్బు వెలుతుర్లో, ఆమె కళ్ల ముందే ఒక కంకి కొస నుంచి తెల్లబడటం మొదలైంది.

అబిగయీలుకు భయం వేసింది. కానీ ఆ తెల్లదనం కిందికి దిగుతుంటే భయం కంటే ముందు ఒళ్లు మండిపోయింది. చెయ్యి విదిలించుకుని మళ్లోకి దూకింది. పైరుకు అడ్డంగా నిలబడింది.

"పట్టింది" అంది గట్టిగా.

మంచు కదల్లేదు.

"చూడనీ..."

"చూడనియ్యను. కొరికి చూస్తే విత్తనం ఏం కావాలి? మడి చేసినోడివి, ఆ మాత్రం తెలవదా నీకు?"

"ఆకలి..."

"అందరికీ ఉండాది ఆకలి! నీ ఒక్కడికేనా? ఉప్పెక్కిన మళ్లు చూసి చూసి, వదిలేసి కూలికి పోయిన ఊళ్లుండాయి ఈ ఒడ్డున. ఇది తినేదానికి కాదు. నాటేదానికి. విత్తనం తినేవాడు రైతా?"

చల్లటి వేళ్లు ఆమె మణికట్టును చుట్టుకున్నాయి. తడి వేళ్లు... ఎముక పట్టుకున్నట్టు. బురద మోకాళ్ల దాకా మింగింది. కిందికి లాగుతోంది. ఆమె రెండో చేత్తో వరి దుబ్బును మొదలు దగ్గర పట్టుకుంది. ఆకుల అంచులు అరచేతిని కోస్తున్నాయి.

"లాగు!" అని అరిచింది. "ఎంత లాగుతావో లాగు! నన్ను తీసుకుపోతావేమో, దీన్ని మాత్రం ఇయ్యను!"

బల్బు ఆరిపోయింది.

చీకట్లో కలీం వచ్చి వెనక నుంచి ఆమెను పట్టుకున్నాడు. అతను ఏడుస్తున్నాడు, అయినా వదల్లేదు. ఎంతసేపు అలా ఉన్నారో తెలియదు. చెవి పక్కనే ఊపిరి తగిలింది. ఉప్పగా... చల్లగా...

"నాటుతావా?"

"నాటుతా" అంది అబిగయీలు రొప్పుతూ. "ఈ మడి ఒక్కటే కాదు. ఉప్పు కొట్టిన ప్రతి మళ్లోనూ నాటిస్తా. ఉంటే ఉండి చూసుకో."

వేళ్లు వదిలాయి.

ఒక కప్ప అరిచింది. తర్వాత ఇంకొకటి.

*

ఆ రాత్రి ఇంటికి చేరి అన్నం కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పు. చారు ఉప్పు. మంచినీళ్లు కూడా ఉప్పే. అబిగయీలు కంచం వంక చూసి, "సమాధానం తినలేకపోయినాడేమో, నేను తింటా" అనుకుంది. కళ్లలో నీళ్లు కారుతున్నా మెతుకు మిగల్చకుండా తినింది. మర్నాడూ తినింది. ఆ పై రోజూ తినింది. గింజలు గట్టిపడే కొద్దీ నోట్లో ఉప్పు పలచబడుతూ వచ్చి, కోత కోసిన రోజుకు పూర్తిగా పోయింది.

ఆ చివరి రకంలో తెల్లబడిన కంకి ఒక్కటే. మిగతాదంతా విత్తనమే.

ఆ మరుసటి ఏడు ఆ విత్తనాన్ని అదే మళ్లో పెంచింది. ఈసారి రాత్రుళ్లు ఏ చప్పుడూ లేదు. కోతల నాడు సామ్రాజ్యమ్మ మడి అంతా కలయదిరిగి వచ్చి, "మామ ఈడ లేడమ్మా. ఎట్టనో పోయినాడు" అంది. రూఫస్ గారు అందరిలోనూ నిలబెట్టి మెచ్చుకున్నాడు. ఆ పై ఏడు సముద్రం ఒడ్డు పొడవునా కొందరు రైతులకు సంచి విత్తనం చొప్పున ఇచ్చారు. వాకాడు అవతల ఉండే అల్లాబక్షు వాళ్లలో ఒకడు.

పంట పాల మీద ఉండగా ఒక సాయంత్రం అల్లాబక్షు ఫోన్ చేశాడు.

"మేడమ్, పైరు బంగారంగా ఉండాది. మా ఇంటామె బడేబీ అయితే మిమ్మల్ని తలుచుకోని పూట లేదు. కాకపోతే... పైరు కాపలాకి మనుషుల్ని పంపినారు కదా, వాళ్లకి అన్నం తెచ్చిస్తే ముట్టడం లేదు."

అబిగయీలు చేతిలో పని ఆపింది. ఆమె ఎవరినీ పంపలేదు.

"ఎట్టా ఉంటారు?"

"ముసలాయన. మంచి మనిషే. గట్టు మీద కూర్చుని పైరు చూసుకుంటా ఉంటాడు. ఏమీ అడగడు. ఒంటి మీద తడి మాత్రం ఆరదు."

ఆమెకు భయం వేయలేదు. ఉంటే ఉండి చూసుకోమన్నది తనే కదా. "ఉండనీలే అల్లాబక్షూ. ఆయన ఏమీ చెయ్యడు."

"ఆయనతో ఇబ్బంది లేదు మేడమ్. ఆ ఆడమనిషే..."

"ఆడమనిషా?"

"అదే, ఆయన పక్కన కూర్చోనుంటుందే, ఆమె. మొన్నటి దాకా నీళ్ల వైపే తిరిగి కూర్చోనుండేది. ఇప్పుడిట్టా తిరిగింది." అల్లాబక్షు గొంతు తగ్గింది. "లేచి వస్తా ఉండాది మేడమ్. ఫోన్ తనకియ్యమని చెయ్యి చాపుతా ఉండాది... ఇయ్యనా?"

ఫోన్‌లో బురదలోంచి కాళ్లు పీకుతున్న చప్పుడు, ఒక్కొక్కటే, దగ్గరవుతోంది.

ఉప్పు కొట్టిన ప్రతి మడికీ అడిగేవాళ్లు ఒకరుంటారని అబిగయీలుకు అప్పుడు తట్టింది. లేచి నిలబడింది.

"ఇయ్యి" అంది.